మా పిల్ల చూసేది సినిమా కాదు

సంక్రాంతి సెలవులకి మెడికల్ కాలేజీ హాస్టల్ నుంచి వాడకొచ్చిన పిల్ల ఒకామె వసారాలో కూచుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, పొద్దస్తమానం సెల్‌ఫోన్ చూస్తోంది. దారెంట పోయే పెద్దాయన ఆగి తండ్రిని నిలదీశాడు. "ఏందిరా, బిడ్డ డాక్టరు సదువుతా ఉందన్నావు. ఎప్పుడు సూసినా సినిమాలు సూస్తానే ఉందే!" తాపీ పనికి పోయే ఆ తండ్రి ఏం చెప్పాలో తెలియక తల వంచుకున్నాడు. పిల్లే లేచి ఫోను పెద్దాయన చేతికిచ్చింది. తెర మీద హీరో లేడు, డాన్సు లేదు. ఊపిరితిత్తి బొమ్మ ఉంది. ఎవరో ఇంగ్లీషులో నిదానంగా చెబుతున్నారు. "తాతా, రాళ్ల మిల్లులో నువ్వు పీల్చిన దుమ్ము లోపల ఏం చేసిందో చెబుతున్నారు. ఇది నీ దగ్గు పాఠమే" అంది పిల్ల. పెద్దాయన మరి మాట్లాడలేదు. అరుగు మీద కూలబడి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పాఠం అయిపోయేదాకా చూశాడు.

ఈ సంగతి మా సమావేశంలో చెప్పుకుని ముందు నవ్వుకున్నాం. తర్వాత సిగ్గుపడ్డాం. మన వాడల నుంచి డాక్టరు చదువుకి పోయిన పిల్లలు ఏం చదువుతున్నారో, ఎట్లా చదువుతున్నారో, ఎక్కడ తడబడుతున్నారో మనకి తెలుసా? సీటు వచ్చిన రోజు దండ వేసి ఫోటో దిగాం. ఆ తర్వాత ఒక్కసారైనా అడిగామా?

ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో పాథాలజీ అనే సబ్జెక్టు వస్తుంది. మొదటి ఏడాది బాగున్న ఒళ్లు ఎట్లా ఉంటుందో చదివిన పిల్లలు, ఇక్కడ ఆ ఒళ్లు ఎట్లా చెడుతుందో చదువుతారు. టీబీ పట్టిన ఊపిరితిత్తిలో కండ జున్నుముద్దలా ఎందుకు మారుతుంది? గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా ఎందుకు వంగుతుంది? రాతి పొడిని మింగిన కణం తాను చస్తూ చుట్టూ మచ్చ ఎందుకు మిగులుస్తుంది? ఇవీ పాథాలజీ ప్రశ్నలు. ఒక్కసారి ఆలోచించండి, ఇవి ఎవరి రోగాలు? టీబీ ఇరుకు ఇళ్లల్లో, తిండి చాలని ఒంట్లో బలుస్తుంది. సికిల్ సెల్ జబ్బు ఆదివాసీ గూడేలను పీడిస్తోంది. సిలికోసిస్ రాళ్లు కొట్టేవాళ్లది, పలకలు కోసేవాళ్లది, గనిలో దిగేవాళ్లది. పుస్తకం ఇంగ్లీషుదైనా అందులో రోగం మనదే.

రోగానికి పేరు పెట్టడం చిన్న అధికారం కాదు. సిలికోసిస్ పని వల్ల వచ్చే జబ్బని చట్టమే ఒప్పుకుంది. ఆ మాట కాగితం మీద పడితే కూలివాడికి నష్టపరిహారం అడిగే హక్కు వస్తుంది. అదే కాగితం మీద ఉత్త టీబీ అని రాసి మందుబిళ్లలిచ్చి పంపితే ఆ హక్కు గాలికి పోతుంది. రెంటికీ దగ్గే, రెంటికీ ఆయాసమే, ఎక్స్‌రేలో రెంటికీ మచ్చలే. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ తొందరగా అంటుకుంటుంది. తేడా పట్టుకునే చదువు, పట్టుకున్నది రాసే ధైర్యం రెండూ ఉన్న డాక్టరు కావాలి. ఆ డాక్టరు మన వాడలో పుట్టిన మనిషైతే, "ఏం పని చేస్తావు?" అనే ప్రశ్న మరిచిపోదు.

ఈ చదువు మనకి కొత్త, ఈ పని మనకి కొత్త కాదు. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసినప్పుడు అది చరిత్ర అయింది. శవాన్ని ముట్టుకుంటే మైల అన్న కులాలకి అది చరిత్రే మరి! కానీ ఊళ్లో శవం మోసిందెవరు? గుంట తవ్విందెవరు? మార్చురీలో కోసి, కుట్టి, కడిగి అప్పగించే చేతులెవరివి? చచ్చిన గొడ్డును విప్పి కార్జమేదో తిత్తేదో కళ్లు మూసుకుని చెప్పగలిగిన మాదిగ తాత పేరు ఏ పుస్తకంలో ఉంది? చేతులు మనవి, పుస్తకం వాళ్లది. ఇన్ని తరాల తర్వాత ఆ పుస్తకం మన పిల్లల చేతికొచ్చింది. దాన్ని జారనివ్వకూడదు.

ఇక వీడియోల సంగతి. పాథాలజీకి చాలా దేశాల్లో చదివే పెద్ద పుస్తకం రాబిన్స్. 1957లో మొదటిసారి అచ్చయింది. ఇప్పుడు వెయ్యి పేజీలు దాటింది. మన దేశంలో హర్ష్ మోహన్ పుస్తకం కూడా బాగా చదువుతారు. రెండూ ఇంగ్లీషే. షికాగో యూనివర్సిటీ అధ్యాపకుడు హుస్సేన్ సత్తార్ ఈ సబ్జెక్టు సారాన్ని ఒక చిన్న పుస్తకంగా, దాంతోపాటు వీడియో పాఠాలుగా చేశాడు. దాని పేరు పాథోమా. దానికి డబ్బు కట్టాలి. అమెరికాలోనే యూటా యూనివర్సిటీ వాళ్ల వెబ్‌పాత్‌లో రోగం పట్టిన అవయవాల బొమ్మలు, మైక్రోస్కోపు స్లైడ్ల బొమ్మలు ఉచితంగా చూడొచ్చు. యూట్యూబులో మన దేశపు అధ్యాపకులు పెట్టిన పాఠాలు కూడా ఉన్నాయి. పీజీ ఎంట్రన్సు పేరుతో పాఠాలు అమ్ముకునే యాప్‌లు వేరే.

మన పిల్లలు వీటి దగ్గరికి ఎందుకు పోతున్నారు? సోమరితనమా? కాదు. తెలుగు మీడియంలోనో, పేరుకి మాత్రమే ఇంగ్లీషు మీడియంలోనో చదివి పోయిన పిల్ల, 150 మందో 250 మందో కూచున్న హాలులో వెనక బెంచీ నుంచి వింటుంది. మాట జారిపోతే మళ్లీ చెప్పమని అడగడానికి నోరు రాదు. అడిగితే వెనక నుంచి "కోటా" అని ఒక గుసగుస. వీడియో అట్లా కాదు. పదిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు. ఇంటిపేరు అడగదు, ర్యాంకు అడగదు. ఇది మన ఊహ కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష ఉందని థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. తరగతి గదిలో దొరకని గౌరవాన్ని పిల్లలు ఫోనులో వెతుక్కుంటున్నారంటే తప్పు పిల్లలది కాదు.

అయితే పిల్లలతో కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి. వీడియో నిచ్చెన మాత్రమే, మిద్దె కాదు. పాథోమా అమెరికా పరీక్షలకి పోయేవాళ్లని దృష్టిలో పెట్టుకున్నది. మన యూనివర్సిటీ పరీక్షలో పెద్ద ప్రశ్నలకి పేజీలు రాయాలి, బొమ్మ గీయాలి. ప్రాక్టికల్‌లో మైక్రోస్కోపు కింద స్లైడు పెట్టి ఇదేమిటి అని అడుగుతారు. సీసాలో పెట్టిన అవయవం చూపించి రోగం చెప్పమంటారు. వైవాలో ఎదురుగా మనిషి కూచుంటాడు. అక్కడ వెనక్కి తిప్పే బటన్ ఉండదు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు లేకపోతే పరీక్షే రాయనివ్వరు. అందుకని అవమానం జరిగిందని క్లాసు మానేసి గదిలో ఫోనుతో ఉండిపోవద్దు. మనల్ని వెళ్లగొట్టాలనుకునేవాళ్లకి అదే కావాలి. రాత్రి వీడియో చూడండి, పొద్దున్నే పోయి ముందు బెంచీలో కూచోండి. ముందే విని పోయిన పాఠం క్లాసులో రెండోసారి వింటే భయం సగం తగ్గుతుంది. చూసినదాన్ని ఫోను మూసేసి తెలుగులో ఇంకొకరికి చెప్పండి. చెప్పగలిగితే వచ్చినట్టు, చెప్పలేకపోతే మళ్లీ చూడాలి.

భాష గురించి మన మాట స్పష్టంగా ఉండాలి. మన పిల్లలకి ఇంగ్లీషు వద్దని మేం అనం. తమ పిల్లల్ని కాన్వెంటులో వేసి మన పిల్లలకి మాతృభాష మహత్యం చెప్పే పెద్దమనుషుల్ని చాలామందిని చూశాం. అట్లాగని దేశభాషలో వైద్యం చెప్పడం కుదరదనేది కూడా అబద్ధమే. 1918లో మొదలైన ఉస్మానియాలో ఉర్దూలో వైద్యం చెప్పారు. మధ్యప్రదేశ్‌లో 2022లో ఎంబీబీఎస్ మొదటి ఏడాదికి హిందీ పుస్తకాలు తెచ్చారు. మనం అడిగేది ఇంగ్లీషు బదులు తెలుగు కాదు, ఇంగ్లీషులోకి ఎక్కడానికి తెలుగు మెట్లు. గవర్నమెంటు కాలేజీల్లో పాథాలజీ చెప్పే అధ్యాపకులే ఆ పాఠాలు రికార్డు చేసి, రోగం పేరు ఇంగ్లీషులో ఉంచి వివరం తెలుగులో చెబితే ఏం పోతుంది? ప్రతి కాలేజీ లైబ్రరీ డబ్బు కట్టి ఈ వీడియోలు అందరికీ తెరిస్తే ఏం పోతుంది? డబ్బున్న పిల్ల కొనుక్కుంటుంది. లేని పిల్ల దొంగ కాపీ కోసం వెతుక్కుని దొంగ అనిపించుకోవాలా?

పాథాలజీ పుస్తకాల్లో రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ పేరు వస్తుంది. రోగం కణంలో మొదలవుతుందని చెప్పిన మనిషి. ఆయన్ని 1848లో అప్పర్ సిలీసియా అనే పేద ప్రాంతానికి టైఫస్ జ్వరాల మీద విచారణకి పంపారు. తిరిగొచ్చి మందుల చిట్టా ఒక్కటే ఇవ్వలేదు. ఆకలి, ఇరుకు, అజ్ఞానం ఈ రోగానికి కారణమని, చదువు, స్వేచ్ఛ, ప్రజల పాలన మందు అని రాశాడు. అదే 1848లో పూనాలో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఆడపిల్లలకి బడి పెట్టారు. వాళ్లిద్దరూ ఆయన్ని ఎరగరు, ఆయన వీళ్లని ఎరగడు. రోగం మూలం మాత్రం ముగ్గురూ ఒకటే పట్టుకున్నారు.

కార్యకర్తలకి మా విన్నపం. మీ మండలం నుంచి మెడికల్ కాలేజీలో ఉన్న పిల్లల పేర్లు రాసుకోండి. నెలకోసారి ఫోను చేసి "పాస్ అయ్యావా" అని కాదు, "ఏ పాఠం కష్టంగా ఉంది" అని అడగండి. ముందు బ్యాచి పిల్లల్ని వెనక బ్యాచి పిల్లలతో కలపండి. ఏప్రిల్ 14న బాబాసాహెబ్ బొమ్మ పక్కన మన మొహాలు వేసుకునే ఫ్లెక్సీలు నాలుగు తగ్గించండి. ఆ డబ్బుతో ఒక పిల్లకి ఏడాది డేటా, ఒక పాత రాబిన్స్ పుస్తకం వస్తాయి. 1913లో బరోడా స్కాలర్‌షిప్పు అందకపోతే ఆయన కొలంబియాకి పోయేవాడా? తల్లిదండ్రులారా, పిల్ల చేతిలో ఫోను చూసి కసురుకునే ముందు పక్కన కూచుని ఒకసారి ఆ తెర చూడండి.

ఆ పెద్దాయన మర్నాడు మళ్లీ వచ్చాడట. "అమ్మా, ఆ దుమ్ము జబ్బు పేరేంది, కాయితం మీద రాసియ్యి" అని అడిగాడట. పిల్ల తెలుగులో పెద్ద అక్షరాలతో సిలికోసిస్ అని రాసి, ఎక్స్‌రే తీయించుకుని పెద్ద డాక్టరుకి ఈ కాగితం చూపించు, రాళ్ల మిల్లులో పనిచేశానని తప్పకుండా చెప్పు అంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆయన జిల్లా ఆస్పత్రికి బయల్దేరాడు. ఈసారి ఒక్కడే పోలేదు. మన సంఘం మనిషి తోడు వెళ్లాడు.

జై భీమ్!