ఫుట్‌బాల్ క్లబ్బులు – యువ క్రీడాకారుల భవితవ్యం

"నారు పోసినవాడు నీరు పోయడా" అన్న సామెత తెలుగునాట ఆబాలగోపాలానికీ తెలిసినదే. భగవంతునిపై భారం వేసి నిశ్చింతగా ఉండదలచినవారు ఈ మాట అంటూ ఉంటారు. కాని మానవులు పోసిన నారు విషయంలో ఈ సామెత అన్నివేళలా నిజం కాదు. నారు పోసి, నీరు సమృద్ధిగా పెట్టి, తీరా నాట్ల అదను వచ్చేసరికి దానిని మడిలోనే ముదరబెట్టే సేద్యగాండ్రు కూడా లోకంలో ఉన్నారు. ధనిక ఫుట్‌బాల్ క్లబ్బులలో పెక్కు తమ అకాడమీలలోని యువ క్రీడాకారుల పట్ల అవలంబిస్తున్న విధానం ఇట్టిదేనని నా అభిప్రాయం.

తెలుగు చెప్పుకొనేవానికి ఫుట్‌బాల్‌తో పని యేమని సహాధ్యాపకులు నవ్వవచ్చు. నన్ను ఈ విషయంలోకి దింపినవాడు మా విద్యార్థియే. ఛందస్సు పాఠం చెబుతుండగా చివరి వరుసలో ఒక కుర్రవాడు కునికిపాట్లు పడుతున్నాడు. కారణమడిగితే, "రాత్రి ఇంగ్లాండు మ్యాచ్ చూశాను సార్" అని నిజమే చెప్పాడు. తరగతి ముగిసిన తరువాత వెంట నడుస్తూ, "సార్, అటువంటి క్లబ్బు అకాడమీలో ఒక్కసారి చేరితే చాలు, ఇక జీవితం స్థిరపడినట్లే కదా?" అన్నాడు. ఆనాడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబే ఈ వ్యాసం.

ఇంగ్లాండు దేశపు పద్ధతినే చూద్దాము. అక్కడి పెద్ద క్లబ్బులు తొమ్మిదేళ్ళ లోపు వయసు జట్టు మొదలుకొని పిల్లలను అకాడమీలలో నమోదు చేసుకుంటాయి. పదహారవ ఏట కొందరికి రెండు సంవత్సరాల స్కాలర్‌షిప్ లభిస్తుంది. అది ముగిసే వేళకు మరికొందరికి మాత్రమే వృత్తి క్రీడాకారుని ఒప్పందం చేతికి వస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా కొందరు వెనుదిరుగుతూనే ఉంటారు. 2012లో ప్రారంభమైన 'ఎలీట్ ప్లేయర్ పర్ఫార్మెన్స్ ప్లాన్' అకాడమీలను నాలుగు తరగతులుగా విభజించింది. శిక్షణ గంటలు పెంచింది. చక్కని పచ్చిక మైదానాలు, వైద్యులు, చదువు చెప్పే ఉపాధ్యాయులు అన్నీ ఏర్పడినవి. ఇంతవరకు వేలెత్తి చూపవలసినది లేదు. చిక్కంతా అకాడమీకీ మొదటి జట్టుకూ నడుమనున్న ద్వారం దగ్గర వచ్చినది. ఆ ద్వారం గోడ మీద గీసిన బొమ్మ వలె పెక్కుమందికి కనబడుతుందే గాని తెరుచుకోదు.

ఇందుకు లండన్ నగరపు చెల్సీ క్లబ్బు చరిత్ర గొప్ప నిదర్శనం. ఇంగ్లాండులో యువజట్ల పోటీలలో ఎఫ్.ఏ. యూత్ కప్పు ప్రతిష్ఠాత్మకమైనది. 2014 నుండి 2018 వరకు వరుసగా ఐదు సార్లు ఆ కప్పు చెల్సీ కుర్రవాళ్ళదే. 2015లోను, 2016లోను ఐరోపా ఖండపు యూత్ లీగును కూడా వారే గెలుచుకొన్నారు. ఇంతటి ప్రతిభావంతులు మొదటి జట్టును నింపివేసి ఉంటారని ఎవరైనా భావిస్తారు. జరిగినది వేరు. కోట్ల పౌన్లు పోసి పరదేశాలనుండి తెచ్చిన క్రీడాకారులు ఆ స్థానాలలో ఉన్నారు. కప్పులు తెచ్చిన కుర్రవాళ్ళు అరువు పద్ధతిపై ఇతర క్లబ్బులకు పంపబడ్డారు. ఒక్కొక్క సంవత్సరం ఆ క్లబ్బు నుండి ముప్పది మందికి పైగా ఆటగాళ్ళు అరువుపై వేర్వేరు ఊళ్ళలో ఆడుతూ ఉండేవారు. బ్రెజిల్ నుండి నూనూగు మీసాల వయసులో వచ్చిన లూకాస్ పియాజోన్ అనే ఆటగాడు సుమారు తొమ్మిది సంవత్సరాలు చెల్సీ ఉద్యోగి. ఆ కాలంలో అతడు ఏడు క్లబ్బులకు అరువుగా వెళ్ళాడు. చెల్సీ చొక్కా తొడిగి ఆడిన మ్యాచ్‌లు మాత్రం మూడు! ఆటగాని జీవితంలో తొమ్మిదేళ్ళంటే యౌవనమంతా అన్నమాట.

ఆ తరువాత జరిగినది మరింత ఆలోచింపదగినది. పద్ధెనిమిదేళ్ళు నిండని విదేశీ బాలురను చేర్చుకొనుటలో నిబంధనలు ఉల్లంఘించినందుకు 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా, చెల్సీ క్రొత్తవారిని కొనరాదని నిషేధం విధించింది. కొనుగోలుకు వీలులేనందున క్రొత్త మేనేజరు ఫ్రాంక్ లాంపార్డ్ అకాడమీ వైపు చూశాడు. మేసన్ మౌంట్, టామీ అబ్రహాం, రీస్ జేమ్స్, ఫికాయో టొమోరీ మైదానంలోకి వచ్చారు. ఆ 2019–20 సీజనులో అబ్రహాం లీగులో 15 గోల్స్ చేశాడు. జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. 2021 మే 29న పోర్టో నగరంలో ఐరోపా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో చెల్సీ చేసిన ఏకైక గోలుకు బంతిని అందించినవాడు మౌంటే. కుర్రవాళ్ళలో లోపం లేదని ఇంతకంటె వేరే ఋజువు కావలెనా? వారు సంవత్సరాల తరబడి సిద్ధంగానే ఉన్నారు. వారికి తలుపు తెరచినది క్లబ్బు ఔదార్యం కాదు, క్లబ్బుకు పడిన శిక్ష!

కథ ఇక్కడ సుఖాంతం కాలేదు. 2021లో అబ్రహాం రోమాకు, టొమోరీ మిలాన్‌కు వెళ్ళిపోయారు. 2023లో మౌంట్ మాంచెస్టర్ యునైటెడ్‌కు, 2024లో అదే అకాడమీ బిడ్డ కానర్ గాలగర్ స్పెయిన్‌లోని అట్లెటికో మాడ్రిడ్‌కు అమ్ముడుపోయారు. దీని వెనుక ఒక లెక్కల రహస్యం కలదు. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు దీనిని సులభంగా గ్రహిస్తారు. ఒక ఆటగాణ్ణి ఐదు కోట్ల పౌన్లకు కొని ఐదేళ్ళ ఒప్పందం చేసుకుంటే, పుస్తకాలలో ఏడాదికి కోటి చొప్పున ఖర్చు పడుతుంది. అతణ్ణి అమ్మినపుడు మిగిలిన విలువకు పైన వచ్చినదే లాభం. సొంత అకాడమీలో పెరిగినవానికి కొన్న ధర లేదు గనుక, అతనిని అమ్మగా వచ్చిన ప్రతి పైసా పుస్తకాలలో లాభమే. ప్రీమియర్ లీగ్ విధించిన ఆర్థిక నిబంధనలకు లోబడవలసిన క్లబ్బులకు ఇది గొప్ప ప్రలోభం. ఈ విధంగా ఇంట పెరిగిన బిడ్డే ముందుగా అంగడికి ఎక్కుతున్నాడు.

చట్టం వీరిని రక్షించడం లేదా అని అడగవచ్చు. అరువు పద్ధతి మితిమీరినదని గుర్తించి, 2022 జూలై నుండి ఫిఫా అంతర్జాతీయ అరువులకు హద్దు విధించింది. తొలి ఏడాది ఒక్కొక్క క్లబ్బు ఎనిమిది మందిని మించి పంపరాదని, 2024 నాటికి ఆ సంఖ్య ఆరుకు తగ్గవలెనని శాసించింది. మంచి నిర్ణయమే. కాని 21 ఏళ్ళు మించని, క్లబ్బులోనే శిక్షణ పొందిన ఆటగాళ్ళకు ఈ హద్దు వర్తించదని మినహాయింపు ఇచ్చింది. కుర్రవాళ్ళకు ఆట దొరకాలన్న సదుద్దేశం ఇందులో ఉండవచ్చు. అయినా ఎవరిని ఎడాపెడా త్రిప్పుతున్నారని మనం బాధపడుతున్నామో, వారే లెక్కలోకి రాకుండా పోయారు.

ఇక రెండవ పక్షం వాదన కూడా వినుట న్యాయం. మేనేజరు ఉద్యోగం గాలిలో దీపం. నాలుగు వరుస ఓటములు చాలు, అతణ్ణి సాగనంపడానికి. లాంపార్డ్ సైతం 2021 జనవరిలోనే పదవి కోల్పోయాడు. అట్టివాడు పందొమ్మిదేళ్ళ కుర్రవాని పొరపాట్లను ఎంతవరకు భరించగలడు? మైదానంలో స్థానాలు పదకొండే. అకాడమీలో ఆశావహులు వందమందికి పైబడే. అందరికీ చోటు ఎక్కడిది? అరువు పద్ధతి కూడా అన్నివేళలా చెడ్డది కాదు. డేవిడ్ బెక్‌హాం 1995లో ప్రెస్టన్‌కు అరువుగా వెళ్ళి రాటుదేలి వచ్చాడు. హారీ కేన్ నాలుగు క్లబ్బులకు అరువుపై వెళ్ళివచ్చి, చివరకు టాటెన్‌హాం చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసినవాడైనాడు.

ఈ వాదనలలో సత్యం లేకపోలేదు. అయితే ధైర్యం చేసినవారికి ఫలితం దక్కిన సందర్భాలు కూడా చరిత్రలో ఉన్నవి. 1995 వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ పేరుమోసిన ముగ్గురు ఆటగాళ్ళను వదులుకొని కుర్రవాళ్ళను దింపాడు. తొలి మ్యాచ్‌లోనే ఆస్టన్ విల్లా చేతిలో 3–1 తేడాతో ఓటమి. పిల్లలతో ఏమీ గెలవలేరని టెలివిజన్లో విశ్లేషకుడు అలన్ హాన్సెన్ తేల్చివేశాడు. ఆ పిల్లలే ఆ సీజనులో లీగునూ, ఎఫ్.ఏ. కప్పునూ కూడా గెలిచారు. ఆ ఓటమి మరునాడు ఫెర్గూసన్ బెదరిపోయి ఉంటే బెక్‌హాం, స్కోల్స్, నెవిల్ సోదరుల గతి ఏమయ్యేది?

పైగా పెద్దల తీర్పు పొరబడదన్న భరోసా కూడా లేదు. ఇదే కేన్‌ను బాల్యంలో ఆర్సెనల్ అకాడమీ పనికిరాడని పంపివేసినది. జేమీ వార్డీని పదహారవ ఏట షెఫీల్డ్ వెన్స్‌డే వదిలివేసినది. అతడు కర్మాగారంలో పని చేసుకుంటూ చిన్న జట్లలో ఆడి, 2016లో లెస్టర్ సిటీ లీగు విజేత అయినపుడు ఆ జట్టుకు ప్రధానబలమై నిలిచాడు. అయితే వార్డీ కథ చెప్పి, "ప్రతిభ ఉంటే ఎలాగైనా పైకి వస్తాడు" అని చేతులు దులుపుకొనుట సులభం. పైకి రానివారి కథలు ఎవరు వ్రాస్తారు?

కనుక అందరికీ మొదటి జట్టులో స్థానం ఇవ్వవలెనని నేను వాదించడం లేదు. అది అసాధ్యం. నేను కోరేది సకాలంలో నిజం చెప్పడం. "నీకు ఇక్కడ చోటు ఉన్నది, ఇన్నాళ్ళు ఓర్చుకో" అనిగాని, "నీకు ఇక్కడ చోటు లేదు, వేరొకచోట వెదుక్కో, మేము తోడ్పడతాము" అనిగాని స్పష్టంగా చెప్పుట క్లబ్బు ధర్మం. ఈ రెండూ చెప్పక, "చూద్దాము" అన్న ఒక్క మాటతో కుర్రవాని వయసును కరిగించుట అధర్మం. వద్దన్న మాట గాయం చేస్తుంది గాని మానుతుంది. "చూద్దాము" అన్న మాట చెద వంటిది. లోపల తొలిచినది పైకి కనబడదు. అకాడమీలో ఉన్నన్నాళ్ళూ చదువు కుంటుపడకుండా చూచుట కూడా ఆ ధర్మంలో భాగమే. వద్దనిపించుకొన్న పిల్లవానికి చేతిలో మరొక విద్య లేకపోతే, వాని ఎదుట ఒక్క దారి కాదు, అన్ని దారులూ మూసుకుపోతాయి.

ఈ సందర్భంలో మన నగరానికి చెందిన ఒక ఉపాధ్యాయుని స్మరించకుండా ఉండలేను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠశాలలో పాఠాలు చెప్పుకొన్న ఆ 'రహీం సాబ్' శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951 ఢిల్లీలోను, 1962 జకార్తాలోను భారతదేశం ఆసియా క్రీడలలో స్వర్ణపతకం పొందినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచినది. అన్నింటికీ శిక్షకుడు ఆయనే. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం శిక్షణకు రావడానికి సైకిలు అద్దెకైనా డబ్బు లేదని చెప్పగా, ఆ ఖర్చు రహీం సాబ్ తానే భరించారని క్రీడాభిమానులు నేటికీ చెప్పుకొంటారు. ఇరవయ్యవ ఏటనే ఆ బలరాం మెల్‌బోర్న్‌లో భారతజట్టు సభ్యుడు. నారు పోయుట, నీరు పెట్టుట, అదనులో నాటుట, మూడూ తెలిసిన సేద్యగాడు రహీం సాబ్. ఆయన వద్ద కోట్ల పౌన్లు లేవు. ఉన్నదల్లా ఉపాధ్యాయుని మనస్సు.

ఉర్దూ శాఖలోని మిత్రులు 'అమానత్' అన్న మాట వాడుతూ ఉంటారు. మరొకరు నమ్మి మన చేతికి అప్పగించిన సొత్తు అని దాని అర్థం. తల్లిదండ్రులు తొమ్మిదేళ్ళ బిడ్డను క్లబ్బు చేతిలో పెట్టినపుడు ఆ బిడ్డ అమానత్ అవుతాడు గాని ఆస్తి కాజాలడు.

ఈ మాట ఇంగ్లాండు క్లబ్బులకే పరిమితమా? కాలేజీ కమిటీ పెద్దలు మన్నించెదరు గాక. మన జట్ల ఎంపికలో కూడా ఏటా కొందరు బాలురు పదిహేనవ, పదహారవ పేరుగా జాబితాలో చేరుతున్నారు. మూడేళ్ళు చొక్కా తొడుక్కొని, మంచినీళ్ళు అందించి, ఒక్కనాడైనా గీత దాటి లోపలికి అడుగు పెట్టకుండానే డిగ్రీ పుచ్చుకొని వెళ్ళిపోతున్నారు. వారిని పిలిచి "నీ లోపం ఇది, దిద్దుకో" అని గాని, "ఈ ఆట నీది కాదు" అని గాని చెప్పినవారు లేరు. తరగతి గదిలో కూడా ఇంతే. పోటీ పరీక్షలకు పనికివస్తాడో రాడో తెలిసికూడా, నొచ్చుకుంటాడని మౌనం వహించే అధ్యాపకులలో నేనూ ఒకణ్ణి. ఈ వ్యాసం వ్రాస్తూ ఉండగా నా తప్పు నాకే ఎదురుగా నిలిచినది.

విద్యార్థి మిత్రులారా! పెద్ద పేరు గల సంస్థలో చేరినంత మాత్రాన జీవితం స్థిరపడదు. అందులో మీకు పని దొరుకుతున్నదా, మీ ఎదుగుదల ఎవరైనా పట్టించుకుంటున్నారా అని ఏటేటా మిమ్ము మీరే ప్రశ్నించుకోండి. నిజం చెప్పమని పెద్దలను మర్యాదగా, నిర్భయంగా అడగండి. అడగటం మీ హక్కు; చెప్పటం మా విధి. ఆనాడు చివరి వరుసలో కునికిపాట్లు పడిన కుర్రవానికి నేను చెప్పవలసిన జవాబు ఇదే. అతడు ఈ సంచికను తెరచి చూస్తాడని ఆశిస్తాను.