ఒక్క రాత్రి ఆరుబయట

ప్రియమైన తల్లిదండ్రులకు,

"క్యాంపులెందుకు మేడమ్? ఆ రెండు రోజులూ రివిజన్ చేయించొచ్చు కదా!" పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు అడిగారు. తప్పేమీ లేదు. నేనూ మార్కుల వెంట పరుగెత్తి చదువుకున్నదాన్నే.

గత డిసెంబరులో మా ఊరెళ్లాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకూ వచ్చాడు. పరీక్షలంటే వాడికి రాత్రుళ్లు నిద్ర పట్టదు. ఆ రాత్రి మా నాన్నతో కలిసి, వేరుశనగ పీకేసిన చేనులో చలిమంట వేసుకుని పడుకున్నాం. మొదటి గంటంతా వాడు ఫోన్ కోసం గొడవ చేశాడు. తర్వాత నాన్న ఆకాశంలో పిల్లలకోడిని చూపించారు. పుస్తకాల్లో కృత్తికలంటామే, అవే. వేలు పెట్టి లెక్కపెడుతూ అయిదో చుక్క దగ్గరే నిద్రపోయాడు.

ఒక్క రాత్రితో పరీక్షల భయం పోతుందని చెప్పను. వాడికింకా ఉంది. కానీ ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు.

మనది కరువు సీమే. అయినా ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, కదిరి ప్రాంతంలోని గూటిబయలులో, తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాల్లో పరుచుకుంది. 1989లో గిన్నిస్ బుక్కులోకీ ఎక్కింది. దిగిన ప్రతి ఊడా నేలను పట్టుకుంది కాబట్టే అంత కొమ్మ నిలిచింది. పిల్లలకూ ఆ నేల తగలాలి కదా!

ఈ సంక్రాంతి సెలవుల్లో మార్కుల మాట ఎత్తకుండా, ఫోన్లు ఇంట్లో పెట్టి, పిల్లలతో ఒక్క రాత్రి ఆరుబయట పడుకోండి. చేను లేకపోతే మిద్దె చాలు.

– మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్