మోటారునకు దారి యిచ్చువారు

మేము మోటారుబండి కొన్న సంగతి యీపాటికి మా పాఠకులలో పలువురకు దెలిసియే యుండును. ఖద్దరు గట్టువారు కారెక్కవచ్చునా యని యొక మిత్రుడు లేఖ వ్రాసినాడు. స్వదేశివ్రతమును గూర్చి యీ పుటలలో నిన్నేండ్లు వ్రాసినవారు నెలనెలకు పెట్రోలు బంకున సమర్పించు దక్షిణ యెంతయో లెక్క చెప్పవలెనని మఱియొకరు సెలవిచ్చిరి. ప్రశ్నలు న్యాయమైనవే. వకీళ్లమగుటచే ప్రతివాదమునకు దిగుట మాకు సహజము. కాని యీ వ్యాజ్యమున మేము ముద్దాయిలమే గాక సాక్షులము గూడ. కావున నైదు నెలలుగా చక్రము పట్టుకొని మేము చూచినదియు, మాకు దోచినదియు నున్నదున్నట్లు వాఙ్మూలముగా నిచ్చుచున్నాము.

కొనుటకు గారణము క్లుప్తముగా జెప్పుదుము. ఏజెన్సీ గ్రామముల భూమి తగవులకై ములకలపల్లి, దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములకు ఇరువది యేండ్లుగా ఆర్టీసీ బస్సులమీదను, కిక్కిఱిసిన ఆటోలలోను, కక్షిదారుల మోటారుసైకిళ్ల వెనుకను దిరిగితిమి. ఇప్పుడు మోకాళ్లు మొఱపెట్టుచున్నవి. సాయంకాలపు బస్సు తప్పిపోయిన నాడు కాగితముల కట్ట తలక్రింద బెట్టుకొని పరులయరుగుమీద బండుకొను వయస్సును గడచినది. బండి యే కంపెనీదో చెప్పము. చెప్పినచో నది ప్రకటన యగును.

నలువదియేండ్లు దాటినపిమ్మట క్రొత్తవిద్య నేర్చుట యెంతటి వినయము నేర్పునో నేర్చినవారికే తెలియును. మొదటిదినమున ఖమ్మమునుండి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెము చేరుటకు ఆర్టీసీ బస్సునకు బట్టు కాలముకంటె మాకే యెక్కువ పట్టినది. క్లచ్చి వదలుటలో తొందరపడి నడిబజారున నాలుగుమార్లు బండి నాపివేసితిమి. వెనుకనున్న ఆటోవాడు దిగివచ్చి, "సారూ, భయపడకు, మెల్లగ ఎడమకాలు లేపు" అని నేర్పిపోయెను. ఆతడే మా నిజమైన గురువు.

అయినను జెప్పవలసినది చెప్పుదుము: సుఖముగానే యున్నది. తలుపు వేయగానే బజారు సద్దు దూరమగును. పాల్వంచ దాటి కిన్నెరసాని యడవుల ప్రక్కగా తెల్లవాఱుజామున బోవునప్పుడు టేకుచెట్లును, జామాయిలు తోటలును నిరుప్రక్కల వెనుకకు జరుగుచుండగా, బాల్యమున రైలుకిటికీకడ గూర్చున్నప్పటి సంతోషమే మఱల గలిగినది. సారపాకలోని కాగితపు మిల్లునకు కఱ్ఱ మోయు లారీలును, బొగ్గు లారీలును ఎదురైనప్పుడు మాత్రము రామనామమే శరణ్యము.

కాని, యీ సుఖములో నొక విషమున్నది. మొదటివారము ఎదురుగ వచ్చు ప్రతిమనిషిని జూచి మేము భయపడితిమి. మూడవవారమునకు వారే మమ్ము జూచి భయపడవలెనని తలచుచుంటిమి! ఎవరును మాకీ పాఠము చెప్పలేదు. చేయి తనంతట తానే హారనుమీదికి బోవుచున్నది. వానరాత్రులయందు వెచ్చదనమునకై తారురోడ్డుమీద బండుకొన్న పశువులను జూచి యజమానులను నిందించితిమి. మార్గశిరమున రైతులు సగము రోడ్డుమీద వడ్లారబోసినప్పుడు, "రోడ్డు వీరి కల్లమా?" యని గొణిగితిమి. క్రిందటి యేడు ఇదే వడ్లప్రక్కన బస్సు కిటికీలోనుండి చూచుచు, పాపము, రైతునకు కల్లము లేకపోయెనే యని యిదే పుటలో వ్రాసినవారమును మేమే. మనిషి మాఱలేదు, కూర్చున్న చోటు మాఱినది.

స్వదేశి ప్రశ్నకు వత్తము. బండి మనదేశమున దయారైనదే. నేడు తెలుగుగడ్డమీదనే, పెనుకొండకడ, 2019 నుండి కొరియాదేశపు కియా కంపెనీవారి కార్లు దయారగుచున్నవి. కూలి మనది, యిల్లు మనది, పేరు వారిది. అంతవఱకు సరిపెట్టుకొనవచ్చును. కాని బండి త్రాగునది పరదేశపు నూనె. ఈ దేశమున వాడు ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా దిగుమతియే. 1921లో విదేశవస్త్రములను మంటలలో వేసిన తాతల మనుమలము నేడు విదేశతైలమును యంత్రమున బోసి కాల్చుచున్నాము. 1909లో 'హింద్ స్వరాజ్'న గాంధీమహాత్ముడు రైళ్లను, వకీళ్లను, వైద్యులను వరుసగా నిలిపి నిందించెను. వకీలు తన సొంతమోటారులో దిగుట జూచియుండినచో నేమనెడివాడో యూహింపజాలము. ఐనను ఆయన మూడవతరగతి పెట్టెలో రైలెక్కియే దేశమంతయు దిరిగెను. ఏ తరగతిలో గూర్చుందుమన్నదే ప్రశ్న గాబోలు. ఈ యభియోగమున మేము నేరము నొప్పుకొనుచున్నాము; అవసరము లేనినాడు బండి తీయమని మాత్రమే మాట యీయగలము.

క్రొత్తబండ్లకు భద్రాద్రి రామునికడ పూజ చేయించుట మా ప్రాంతపు వాడుక. మేమును జేయించితిమి, నిమ్మకాయలు చక్రములక్రింద నలిగినవి. ఆనాడు గోదావరి వంతెనమీద బండి నడుపుచుండగా గలిగిన యాలోచన యొకటి కలదు. 1948 వఱకు నదికీవల నిజాము రాజ్యము, ఆవల మద్రాసు రాజధానిలోని తూర్పుగోదావరి ఏజెన్సీ. పడవ దాటినచో రాజ్యము దాటినట్లే. 1959లో భద్రాచలము తాలూకా ఖమ్మము జిల్లాలో గలిసినది. 1965లో వంతెన తెఱువబడినది. ఇప్పుడు దాని సరసనే రెండవ వంతెనయు వచ్చినది. 2014లో పోలవరము ముంపు కారణముగా పట్టణమును మాత్రము మిగిల్చి చుట్టుపట్ల పల్లెలను ఆంధ్రప్రదేశమునకు జేర్చిరి. కావున భద్రాచలమునుండి దుమ్ముగూడెము పోవు బండి ఎటపాకకడ నొక రాష్ట్రమున బ్రవేశించి, కొంతదూరము పోయి మఱల మొదటి రాష్ట్రమున దేలును. మా బండి పలకపై టీజీ 28 యని యున్నది. ఎదుట వచ్చు బండిపై ఏపీ 39 యని యుండును. గోదావరి కీ యంకెలతో బనిలేదు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు లేచి రెండు ప్రక్కలవారిని నొకేరీతిని ముంచినది. 2022లో వంతెనమీద రాకపోకలే నిలిపివేసిరి. అట్టి దినముల మోటారును నొకటే, ఎడ్లబండియు నొకటే.

ఇక మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. భాద్రపదమున నొకనాటి సాయంకాలము చర్ల దిక్కునుండి యొంటరిగ వచ్చుచుంటిమి. వాన యప్పుడే వెలిసినది. అడవిబాట రోడ్డును గలియు చోట నలుగురు కోయసోదరులు డోలీతో నిలిచియుండిరి. వెదురుబొంగునకు దుప్పటి గట్టినారు. అందులో నెవరో ముడుచుకొని యున్నారు. ప్రక్కన నొక ముసలమ్మ. మేము హారను వేయలేదని చెప్పుకొనగలిగినచో బాగుండెడిది. వేసితిమి. వారు డోలీ నెత్తి ప్రక్కనున్న బురదకాలువలోనికి దిగి మాకు దారి యిచ్చిరి. మేము సాగిపోతిమి.

రెండువందల గజములు పోయినపిమ్మట నిలిపితిమి. నిలుపుటకు ముందు మా మనస్సున నడచిన విచారణను దాచము. సీట్లమీద కంపెనీవారు వేసిన ప్లాస్టికు తొడుగులైనను తీయలేదు. బురద, నెత్తురు అంటినచో మరక పోవునా? త్రోవలో నేమైన జరిగినచో నెవరిది బాధ్యత? మోటారువాహనముల చట్టమున 2019లో చేర్చిన 134ఏ సెక్షను ప్రమాదమున గాయపడినవారికి సాయపడువారిని గాపాడును; ఇది ప్రమాదము గాదే! 2005 నుండి 108 బండి యున్నదిగదా, అదియే వచ్చును. ఇన్ని వాదములును ఆ రెండువందల గజములలోనే పూర్తియైనవి. ఇరువదియేండ్ల వకీలువృత్తి మాకిట్లుపయోగపడినది!

బండిని వెనుకకు నడుపుట మాకప్పటికి బట్టువడలేదు. వంకరటింకరగా, ఒకమాఱు మైలురాయిని రాచుకొనుచు, వారికడకు జేరితిమి. డోలీలోనున్నది నిండు చూలాలు, నొప్పులు వచ్చుచున్నవి. మూడు వాగులు దాటించి యేడు కిలోమీటర్లు మోసికొని వచ్చినారు. ఊర ఫోను పలుకదు. రోడ్డుకడకు వచ్చినపిమ్మటనే 108కి కబురందినది. "అన్నా, బండి నాపుమని చెయ్యైన నెత్తలేదేమి?" యని పెద్దవాని నడిగితిమి. ఆతడు సిగ్గుపడుచు, "కొత్తబండి గదా సారూ, గీసుకుంటదని పక్కకు జరిగినం" అనెను.

ఈ మాటను మేము మఱవజాలము. ఆతని ధ్యాస మా బండి రంగుమీద నుండెను. మా ధ్యాసయు నచ్చటనే యుండెను. డోలీలోని బిడ్డను దలచినవా డా క్షణమున నొక్కడును లేడు.

భద్రాచలము చేరునంతవఱకు ముసలమ్మయే మాకు యజమానురాలు. "మెల్లగ పోనియ్యి బిడ్డా, గుంతలున్నయ్" అని మందలించుచు, ముందు సీటు వెనుకభాగమును బట్టుకొని కోడలి తల యొడిలో బెట్టుకొన్నది. ఆ రాత్రియే యాడపిల్ల పుట్టినది. తల్లియు బిడ్డయు క్షేమము.

ఇప్పుడు మా యభిప్రాయము. రోడ్డు మోటారుదని మోటారువాడు తలచుట సహజమైన రోగము. ఐదునెలలలో మాకే యంటినదన్నచో నింకెవరికి నంటదు? కాని నడచువాడును ఆ తలపునే యంగీకరించి కాలువలోనికి దిగుట కేవలము రోగము గాదు, దాస్యము. తెల్లవాడు గుఱ్ఱముపై వచ్చుచుండగా బాట దిగిన కాలమును మనము తిట్టుకొందుము. వాడు పోయినాడు, బాట దిగుట పోలేదు. బండిగలవారు సంఘముగా గూడి తమలోతాము నేర్చుకొనవలసినది చాల గలదు. వడ్లకడ వేగము తగ్గించుట, పల్లెలో హారను మాని యాగుట, రాత్రివేళ నెదుట నడచువాని కన్నులలో దీపము గొట్టకుండుట మొదలగునవి చిన్నవే. వీటికి చట్టమక్కఱలేదు.

చట్టమక్కఱయైనది వేఱొకటి కలదు, అదియు నిప్పటికే యున్నది. 2006 అటవీహక్కుల చట్టము 3వ సెక్షను రెండవ ఉపసెక్షను ప్రకారము బడి, దవాఖాన, త్రాగునీరు, రోడ్డు మొదలగు 13 సౌకర్యములకై, గ్రామసభ సిఫారసుమీద, ఒక్కొక్కదానికి హెక్టారునకు లోపు అటవీభూమి యీయవచ్చును. హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టరాదు. యేడు కిలోమీటర్ల బాటకు హెక్టారు చాలదని కొందఱందురు. మొత్తము బాటకు జాలకపోవచ్చును. ఎక్కడ వాగు మనుష్యుని నిలిపివేయుచున్నదో అక్కడ చిన్న వంతెనకు, దాని రెండు వైపుల మెరకకు జాలును. వాగు దాటగలిగిననాడు డోలీ భారము సగము తగ్గును. ఉన్నరోడ్లను వెడల్పు చేయుమని మావంటి బండివారు మొఱపెట్టిన నధికారులు వెంటనే విందురు. మా కంఠము పెద్దది. లేనిబాటకై మొఱపెట్టువాడు రోడ్డుదాక వచ్చుటకే యొకపూట పట్టును. ధనము వెచ్చించుటలో ఈ రెండవవాని వంతు ముందు రావలెనని మా వాదము. మేము కట్టిన జీవితకాలపు పన్నులో నొక్క రూపాయియైనను ఆ మూడు వాగులలో నొకదానిమీద బడినచో, మొదటి లేఖ వ్రాసిన మిత్రునకు మేమీయగల సమాధాన మదియే.

సీటుమీది మరక పోలేదు. మిగిలిన ప్లాస్టికు తొడుగులను గూడ దీసివేసితిమి. ఆ యూరివారు వాగుమీది వంతెనకై తీర్మానము చేయ గ్రామసభ గూర్చుచున్నారు. అర్జీ వ్రాయుటకు మమ్ము రమ్మనిరి. వచ్చువారము పోవుచున్నాము. మైలురాయికడ బండి నిలిపి యచ్చటనుండి యేడు కిలోమీటర్లు నడువవలెను. వాగులలో నీరు మోకాలిబంటి యున్నదట.