రావులపాలెం సెంటరుకి సైకిలు మీద వెళ్తే తప్పేంటండీ?

ముందే చెప్తున్నా, సైకిలు అనగానే ఎన్నికల గుర్తు అనుకుని మొదలెట్టకండి. ఇది కాళ్ళతో తొక్కే సైకిలు గురించి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మొన్న సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు తెల్లవారుజామున మా ఊరాయన గెలలు కట్టుకుని రావులపాలెం అరటి యార్డుకి వెళ్తుంటే, వెనకనుంచి ఏదో వ్యాను గుద్దేసి ఆగకుండా పోయింది. మంచు బాగా ఉంది. తొడ ఎముక విరిగింది. ఆరు కర్పూర గెలలు రోడ్డు మీద చితికిపోయాయి. ముప్పై ఏళ్ళుగా మా తోటలో గెలలు కూడా ఆయనే మోశాడు. చూడ్డానికి వెళ్తే మంచం మీదనుంచి అడిగిన మొదటి మాట "సైకిలు ఏమైందండీ, బాగవుద్దా?" అని. పక్కనున్నవాళ్ళు మాత్రం "ఈ రోజుల్లో కూడా సైకిలేంటి, ట్రాలీ ఆటో మాట్లాడుకోవచ్చుగా" అన్నారు. అంటే తప్పు సైకిలుది అయిపోయిందన్నమాట. గుద్దినవాడిది కాదు, మనిషికి చోటు లేని రోడ్డుది కాదు. అప్పట్నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది.

అసలు మన యార్డుకి పేరు తెచ్చింది ఎవరండీ? ఇవాళ ఇక్కడి కాయ ఒడిశా, బీహారు దాకా లారీల్లో పోతోంది గానీ, లంకల్లోంచి, కాలవ గట్ల మీదనుంచి గెల బయటికొచ్చింది సైకిలు మీదే. క్యారేజీకి కర్ర అడ్డం కట్టి, అటు మూడు ఇటు మూడు వేలాడదీసి, హ్యాండిలుకి ఇంకోటి. గెల పన్నెండు కిలోలు అనుకున్నా ఎనభై కిలోల పైన. ఆ బరువుతో గట్టు ఎక్కించడం ఎంత పనో చేసినవాడికే తెలుసు. కొబ్బరికాయలైనా అంతే, యూరియా బస్తా అయినా అంతే. మనందరం అడ్డతొక్కుడుతో మోకాళ్ళు పగలగొట్టుకుని, గంటకి ఇంతని అద్దె సైకిలు తెచ్చుకుని నేర్చుకున్నవాళ్ళమే. ఇప్పుడు మాత్రం కిరాణా కొట్టు నాలుగిళ్ళ అవతల ఉన్నా బండి కిక్కు కొడుతున్నాం.

నా లెక్క నేనే చెప్తాను, సిగ్గేం లేదు. మా ఇంటి నుంచి సెంటరుకి నాలుగున్నర కిలోమీటర్లు. రోజూ రెండు సార్లు వెళ్ళొస్తాను. ఒకసారి పనికి, ఒకసారి టీకి, నిజం చెప్పాలంటే. పద్దెనిమిది కిలోమీటర్లు. నా బండి నలభై ఐదు ఇస్తుంది, పెట్రోలు 110కి కాస్త అటూ ఇటూ. రోజుకి 44 రూపాయలు, నెలకి 1,300 దాటుతుంది, ఏడాదికి పదహారు వేలకి దగ్గర. గెల 150 పలికిన రోజు లెక్కన చూసుకుంటే వంద గెలల పైచిలుకు పెట్రోలు బంకులో పోస్తున్నాను. గాలివానకి వంద గెలలు పడిపోతే నష్టపరిహారం అని ఆఫీసుల చుట్టూ తిరుగుతాం కదా, ఇదెవరిని అడగాలి?

ఇంకోటి. నాకు సుగరు వచ్చి నాలుగేళ్ళయింది. డాక్టరుగారు రోజూ ముప్పావుగంట నడవమన్నారు. మావాళ్ళు కొందరు బండి మీద గ్రౌండుకి వెళ్ళి, అక్కడ నాలుగు రౌండ్లు నడిచి, మళ్ళీ బండి మీద ఇంటికొస్తారు. నేనూ ఆర్నెల్లు అదే చేశాను.

కిందటి కార్తీకమాసంలో పాత హీరో సైకిలు అటక మీదనుంచి దించాను. టైర్లు, ట్యూబులు, చైను మార్పించాను. మొదటి వారం జనం ఆపి మరీ అడిగారండి, "బండి అమ్మేశారా? అప్పులయ్యాయా?" అని. ఇంట్లో ఇంకా బాగుంది. అబ్బాయికి సంబంధం మాట్లాడటానికి వస్తున్నారు, ఆ రెండు రోజులు సైకిలు దొడ్లో పెట్టమంది మా ఆవిడ. పెట్టేశాను. అదే నాకు బాధ. మనకి అడ్డం ఎండ కాదు, దూరం కాదు, నలుగురూ ఏమనుకుంటారో అన్నదే.

తమిళనాడులో పుదుక్కోట్టై అని జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకి సైకిలు నేర్పించారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ గారు పట్టుబట్టి చేయించారు. కూలి పనికెళ్ళేవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు వేల మంది నేర్చుకున్నారు. మొదట్లో వాళ్ళనీ ఎగతాళి చేశారు. అందరూ తొక్కేసరికి ఎగతాళి చేసేవాడు మిగల్లేదు. మన దగ్గర హైస్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది, మంచిదే. పదో తరగతి అవ్వగానే అవి పాకలో తుప్పు పడుతున్నాయి. మా వీధిలోనే మూడున్నాయి.

రోహిణీకార్తెలో మిట్టమధ్యాహ్నం తొక్కమని నేననను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళనీ అనను. పదహారో నంబరు హైవే మీద (మనకింకా ఐదో నంబరే నోటికొస్తుంది) లారీల పక్కన తొక్కమని అసలే అనను. మనది కొండా గుట్టా లేని నేల, కాలవ గట్లు ఉన్నాయి. ఆ గట్టు దారి గుంతలు పూడ్చి, చెత్త పోయడం ఆపితే సగం ఊళ్ళవాళ్ళు హైవే ఎక్కకుండానే సెంటరు దగ్గరకి రావచ్చు. యార్డు దగ్గర ఓ రేకుల షెడ్డు సైకిలు స్టాండు కావాలి. ఇప్పుడు గెలలు దించి సైకిలు గోడకి ఆనిస్తే, టీ తాగొచ్చేలోపు దాని ముందు పది మోటారు సైకిళ్ళు ఉంటాయి. పంచాయతీవాళ్ళని అడిగితే "సైకిళ్ళు ఎవరు తొక్కుతున్నారండీ" అంటారు. పొద్దున్నే నాలుగింటికి వచ్చి చూస్తే కదా తెలిసేది. అర్జీ రాశాను, మీ ఊళ్ళ నుంచి కూడా సంతకాలు కావాలి.

అది అయ్యేలోపు మన చేతిలో ఉన్నది ఒకటుంది. మా ఊరాయన సైకిలుకి వెనక రిఫ్లెక్టరు లేదు. ఉన్నా గెలలు కప్పేస్తాయి. గెలలు కట్టే కర్ర చివరలకి, మడ్‌గార్డుకి ఎర్ర రేడియం స్టిక్కరు అంటిస్తే లైటు పడగానే మెరుస్తుంది. ఒక చుట్ట కొన్నాను. ఈ ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర నుంచి యార్డు గేటు దగ్గర ఉంటాను. మీ ఊరి నుంచి గెలలు తెచ్చేవాళ్ళకి చెప్పండి, ఆగి అంటించుకుని వెళ్ళమనండి. కత్తెర నేను తెస్తాను, తుడవడానికి పాత గుడ్డ ఎవరైనా తెండి.