కూతురింట అమ్మకు చోటేది?

ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గాని 'ఈడ' పిల్ల కాదని మన ఊళ్లలో ఒక మాట ఉంది. పిల్ల పుట్టిన రోజున అంటారు. పెళ్లప్పుడు అంటారు. ఆస్తి మాట వచ్చినప్పుడు అంటారు. చివరికి ముసలితనంలో అమ్మను ఎవరు చూడాలన్న పంచాయితీలోనూ అదే మాట అంటారు. ఆస్తులున్న ఇళ్లకు బాగా పనికొచ్చిన మాట ఇది. కూతురికి వాటా ఎగ్గొట్టడానికి ఇంతకంటే సులువైన మాట ఇంకోటి లేదు. సెంటు భూమి లేని మన మాల మాదిగ పల్లెలకు ఈ మాటతో పనేమిటి? అయినా ఇవ్వాళ మన ఇళ్లలోనే, అందులోనూ నాలుగక్షరాలు నేర్చి ఉద్యోగాలు చేసుకునే ఇళ్లలో, ఇది గట్టిగా వినపడుతోంది.

అందుకే ఈసారి మేము అమ్మల గురించి రాస్తున్నాం. 'ఉద్యమ పత్రికలో ఇంటి గొడవలు ఎందుకు?' అని కొందరు సోదరులు అనొచ్చు. ఆసామి ఇంట్లో చేయించుకున్న వెట్టి గురించి మాట్లాడేవాళ్లం, మన ఇంట్లో కూలి లేకుండా నడిచే చాకిరీ గురించి మాట్లాడకపోతే ఎట్లా? అది సగం మాట్లాడినట్టే అవుతుంది.

మా తరం ఆడకూతుళ్లు చాలామంది ఎస్సీ హాస్టళ్లలో చదువుకున్నాం. ఇంట్లో మాకంటే ముందు పదో తరగతి మొఖం చూసినవాళ్లు లేరు. అమ్మలకు సంతకం రాదు, వేలిముద్రే. ఆదివారం నాడు హాస్టలు గేటు దగ్గర నిలబడి చెంగు ముడి విప్పి పది రూపాయలు చేతిలో పెట్టేది అమ్మ. ఆ పది రూపాయలు ఎక్కడివి? మిరపకాయ కోతల్లో, పత్తి తీతలో, నడుం వంచి నాట్లేసిన చేలో సంపాదించినవి. అక్కడ మగకూలికి ఒక రేటు, ఆడకూలికి ఒక రేటు. ఆ తక్కువ రేటు కూలిలోంచే అమ్మ మా చదువుకి మిగిల్చింది. 'నాలాగా వంగి బతకమాక తల్లీ, నిలబడి బతుకు' అని పంపింది. మేము నిలబడ్డాం. టీచర్లమయ్యాం, నర్సులమయ్యాం, ఆఫీసుల్లో గుమాస్తాలమయ్యాం.

ఇప్పుడు ఆ కూతురి రోజు ఎట్లా గడుస్తోందో చూడండి. తెల్లారగట్ట నాలుగున్నరకు లేవాలి. వంట, పిల్లల క్యారేజీలు, మొగుడి క్యారేజీ, అత్తగారి మందులు. ఏడున్నరకల్లా షేర్ ఆటో పట్టుకోవాలి. బళ్లో పాఠాలతోపాటు మధ్యాహ్న భోజనం ఫొటోలు ఫోన్లో ఎక్కించాలి. సాయంత్రం ఇంటికొస్తే మళ్లీ పొయ్యి. ఆదివారం వస్తే వారం గుడ్డలన్నీ కుప్ప. ఈ మధ్యలో ఊరినుంచి ఫోను మోగుద్ది. పక్కింటి పిల్లగాడి చేత నంబరు నొక్కించి అమ్మ చేసిన ఫోను. 'ఏందమ్మా?' అంటే, 'ఏం లేదు తల్లీ, ఊరికే చేశా' అంటది. 'పనిలో ఉన్నానమ్మా, రాత్రికి చేస్తా' అని కూతురు పెట్టేస్తది. రాత్రికి పిల్లల హోంవర్కు అవుద్ది, గిన్నెలు తోమడం అవుద్ది, ఫోను మాత్రం అవదు.

ఈ 'ఊరికే' అన్న మాట గురించి ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మన అమ్మలు అడగడం నేర్చుకోలేదు. ఆసామి దగ్గర కూలి డబ్బులు అడగాలన్నా పదిసార్లు గొంతు సవరించుకున్నవాళ్లు. అట్లాంటి అమ్మ కూతుర్ని ఏం అడుగుద్ది? మోకాళ్లు పట్టేసి మంచం దిగలేకపోతున్నా ఊరికే. వేలిముద్ర అరిగిపోయి రేషను మిషను తీసుకోకపోయినా ఊరికే. కొడుకు నాలుగు రోజులుగా మాట్లాడకపోయినా ఊరికే. రాత్రి కలలో చిన్నప్పటి కూతురు కనిపించి మెలకువొచ్చినా ఊరికేనే. ఊరికే అన్న అమ్మ ఊరికే ఫోను చేయలేదని కూతురికీ తెలుసు. ఆమె గుండెల్లోనూ అది ముల్లులా గుచ్చుతానే ఉంటది.

దీన్ని చూసి, చదువుకున్న ఆడపిల్లలకు పొగరెక్కింది, కన్నతల్లిని మరిచారు అని తీర్పులు చెప్పేవాళ్లున్నారు. ఈ తీర్పును మేము ఒప్పుకోం. తీరిక లేదన్నది నిజమే. కానీ ఆ తీరికను ఎవరు మింగుతున్నారో అడగాలి కదా.

మొదట కట్నం సంగతి చూద్దాం. మన తాతల కాలంలో పల్లెల్లో ఓలి ఉండేది. పిల్లను చేసుకునేవాళ్లే పిల్ల అమ్మానాన్నలకు సొమ్ము ఇచ్చేవాళ్లు. కష్టం చేసే రెండు చేతులు ఆ ఇంటినుంచి ఈ ఇంటికి వస్తున్నాయన్న లెక్క అందులో ఉంది. ఓలి గొప్పదని మేము అనడం లేదు. అదీ ఆడదానికి వెల కట్టడమే. ఓలి ఇచ్చాను గనక నా ఇష్టమని కొట్టినవాళ్లూ ఉన్నారు. కానీ కూతురింటికి పోయి అమ్మ అన్నం తినకూడదన్న నియమం ఆ రోజుల్లో మన పల్లెల్లో ఎవరూ పెట్టుకోలేదు. చదువులు, ఉద్యోగాలు వచ్చాక ఓలి పోయింది, కట్నం వచ్చింది. కట్నాన్ని నిషేధించిన చట్టం 1961 నుంచి ఉంది. అయినా ఉద్యోగం ఉన్న పిల్లవాడికి ఒక రేటు, ఉద్యోగం లేనివాడికి ఒక రేటు నడుస్తూనే ఉంది. కట్నం వెనకాలే కన్యాదానం అన్న ఆలోచనా వచ్చింది. దానం చేసిన వస్తువు మీద ఇచ్చినవాళ్లకు హక్కుండదు గదా! అందుకే కూతురింట మంచినీళ్లు కూడా తాగకూడదనే మాట పుట్టింది. మన అమ్మలు అప్పుచేసి కట్నం పోసి, ఆ పైన కూతురి గడపలో చుట్టంలాగా ముడుచుకుని కూర్చుంటున్నారు. కూతుర్ని దానమిచ్చే వస్తువు చేసిన మనువు మన ఇంట్లోకి పెళ్లి పందిరి గుండానే వచ్చాడు.

రెండోది అద్దె ఇల్లు. ఇది చెప్పుకోవడానికి కష్టంగా ఉంటది, అయినా చెప్పుకోవాలి. టౌనులో ఇల్లు అద్దెకు అడగబోతే ఇంటివాళ్లు మొదట అడిగేది జీతం ఎంతని కాదు, 'మీరేమిట్లు?' అని. ఇల్లు దొరకడానికి ఎంతోమంది నోరు మూసుకుంటున్నారు. అట్లాంటి ఇంటికి అమ్మ వస్తది. చెవులకు పాత కమ్మలు, నోట్లో చుట్ట, సంచిలో ఎండు చేపలు, నోటినిండా మన పల్లె మాట. అమ్మ గుమ్మం ముందు కూర్చుంటే మేడమీదావిడ కిందికి చూస్తది. అమ్మ వస్తే కులం తెలిసిపోద్ది, ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయం కూతురిది. 'అమ్మా, లోపల కూర్చో, గట్టిగా మాట్లాడమాక' అంటది. ఆ మాట అన్నది కూతురే అయినా అనిపించింది కులం. అమ్మకు అర్థమవుతది. ఇంకోసారి రమ్మంటే 'కోళ్లను ఎవరు చూస్తారమ్మా' అని తప్పించుకుంటది. పల్లెను ఊరికి దూరంగా పెట్టిన కులమే టౌనుకొచ్చాక తల్లిని బిడ్డకు దూరంగా పెడుతోంది.

మూడోది మన మగవాళ్ల సంగతి. మీటింగుల్లో సమానత్వం మాట్లాడే అన్నలు చాలామంది ఇంట్లో మంచినీళ్ల గ్లాసు తీసుకోరు. 1942 జులైలో నాగపూరులో అణగారిన వర్గాల మహిళా మహాసభ జరిగింది. అక్కడ బాబాసాహెబ్ అంబేద్కర్ వేలాది ఆడవాళ్ల ముందు, భార్య భర్తకు స్నేహితురాలిగా, సమానంగా నిలబడాలి తప్ప బానిసగా ఉండకూడదని చెప్పారు. పటం కట్టి గోడకు పెట్టుకున్న ఇంట్లోనే ఆ మాట అమలు కావడం లేదు. భార్య అత్తను చూడాలి. భార్య తన అమ్మను చూస్తానంటే మాత్రం 'మీ తమ్ముడున్నాడుగా' అంటారు. ఆ తమ్ముడింట్లో ఉన్న కోడలూ ఒక తల్లి కన్న బిడ్డే. ఆమె అమ్మ ఇంకో ఊళ్లో ఫోను దగ్గర కూర్చుని ఉంటది. అందరూ ఇంకొకరి అమ్మకు చాకిరీ చేస్తా, ఎవరి అమ్మకు వాళ్లు దూరంగా ఉంటున్నారు. మగవాళ్లు మాత్రం ఎవరి అమ్మకీ చేయకుండా గడిచిపోతున్నారు. ఇదెక్కడి న్యాయం?

అమ్మ అవసరం మాత్రం అందరికీ ఉంది. పురిటికి అమ్మ కావాలి. ఆరు నెలల సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరేటప్పుడు పసిగుడ్డును ఎత్తుకోడానికి అమ్మ కావాలి. మిరప కోతల కూలి వదులుకుని ఆమె వస్తది. రెండేళ్లు, మూడేళ్లు పిల్లల్ని సాకుతది. పిల్లలు బడిలో చేరగానే అమ్మ ఊరికి పోతది. ఆ రెండేళ్లలో ఆమె పోగొట్టుకున్న కూలిని లెక్కగట్టినవాళ్లు ఎవరు? ఆయాను పెట్టుకుంటే నెలనెలా జీతం ఇవ్వాలి. అమ్మ అయితే పండక్కి ఒక చీర చాలు!

'పింఛను వస్తోందిగా' అని కొందరు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో వృద్ధుల పింఛను 4,000 రూపాయలయింది. తెలంగాణలో 2019లో 2,016 చేశారు. పోరాడి తెచ్చుకున్న హక్కు అది, పూర్తిగా అందాల్సిందే. కానీ పింఛను అమ్మను కంటి ఆసుపత్రికి చెయ్యి పట్టుకుని తీసుకుపోదు. రాత్రి జ్వరమొస్తే లేచి మంచినీళ్లు ఇవ్వదు.

చట్టం ఎప్పుడో ఈ ఆడ, ఈడ తేడా తీసేసింది. పెళ్లయిన కూతురికి కూడా అమ్మానాన్నలను పోషించే బాధ్యత ఉందని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కొడుకునీ కూతుర్నీ ఒకే వరసలో పెట్టింది. ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. 1986లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2005లో దేశమంతటా హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇచ్చారు. పంచుకోడానికి మనకు ఆస్తి ఏదంటారా? మనకున్న ఆస్తి అమ్మ రెక్కలే. ఆ రెక్కల కష్టాన్ని కొడుకూ తిన్నాడు, కూతురూ తిన్నది. తినడంలో సమానమైనప్పుడు తీర్చడంలోనూ సమానమే. తీర్చడానికి కూతురికి హక్కు కూడా ఉంది. ఆ హక్కుకు అడ్డుపడేవాళ్లెవరైనా, మొగుడైనా అత్తయినా, తప్పు చేస్తున్నట్టే.

ఇంకో సంగతి. చదువుకున్న దళిత ఆడపిల్ల అమ్మను మరిచిపోదని చరిత్రే చెబుతోంది. జోతిరావు, సావిత్రిబాయి ఫూలేలు పుణెలో నడిపిన బళ్లో ముక్తా సాల్వే అనే మాంగు పిల్ల చదువుకున్నది. 1855లో, పద్నాలుగేళ్ల వయసులో, ఆ పిల్ల మాంగు మహర్ల బాధల గురించి వ్యాసం రాస్తే 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. నెత్తిన కప్పులేక వానకు, చలికి మన ఆడవాళ్లు పురుడు పోసుకుంటున్నారని అందులో రాసింది. చేతికి అక్షరం రాగానే ఆ పిల్లకు గుర్తొచ్చింది పురిటి మంచం మీది అమ్మే. మరాఠీ రచయిత్రి ఊర్మిళా పవార్ 2003లో వచ్చిన తన ఆత్మకథకు 'ఆయ్‌దాన్' అని పేరు పెట్టింది. వాళ్లమ్మ అల్లి అమ్మిన వెదురు బుట్టలు, తట్టల పేరు అది. మనమూ ఆ కూతుళ్ల దారిలోవాళ్లమే.

కాబట్టి మేము అడిగేది ఇది. కూతుళ్లు జీతం వచ్చిన రోజున అమ్మ వాటా పక్కన పెట్టాలి. మొగుడికి తెలియకుండా దాచి ఇవ్వాల్సిన ఖర్మ మనకు లేదు. ఇంటి ఖర్చుల పుస్తకంలో పాలు, కరెంటు బిల్లు పక్కన 'అమ్మకు' అని బాహాటంగా రాసి ఇవ్వాలి. అమ్మను పిల్లల్ని ఎత్తుకోడానికే కాకుండా, ఏ పనీ లేనప్పుడు కూడా పిలవాలి. వచ్చినన్నాళ్లూ గుమ్మం ముందే కూర్చోబెట్టాలి. ఇంటివాళ్లు మొఖం మాడిస్తే అప్పుడు ఆ కూతురు ఒంటరి కాకూడదు, సంఘం ఆమె వెనకాల నిలబడాలి. అన్నలు వారానికి ఒక్క పూట పొయ్యి దగ్గరికి పోతే, ఆ పూట మీ ఇంటావిడ వాళ్లమ్మతో మాట్లాడుకుంటది. పల్లెల్లో తిరిగే కార్యకర్తలు నెలకొకసారి ముసలి తల్లుల ఆధార్, పింఛను, కంటి ఆపరేషన్ల సంగతి కనుక్కోవాలి. అది కూడా ఉద్యమమే.

చివరగా చదువుకున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఒక నోటుబుక్కు కొనండి. అమ్మ పక్కన కూర్చుని, ఆమె ఏ ఊళ్లో పుట్టింది, ఎవరి చేలో ఎంత కూలికి పోయింది, ఎంతమందిని కని ఎంతమందిని మట్టిలో పెట్టింది, ఎప్పుడు ఎవరికి ఎదురు తిరిగింది, అన్నీ అడిగి రాయండి. వేలిముద్ర వేసిన చెయ్యి చెబుతుంటే, సంతకం నేర్చిన చెయ్యి రాయాలి. మన పల్లెల చరిత్ర ఏ కరణం దస్త్రంలోనూ లేదు, మన అమ్మల నోళ్లలో ఉంది. వాళ్లు పోతే అదీ పోతది. రాసింది మాకు పంపండి, ఈ పేజీల్లో వేస్తాం.

జై భీమ్.