విదేశీ పిక్కలు – విశాఖ రేవు – పలాస సంతకాలు

పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలలోని జీడి ఫ్యాక్టరీలు ఏడాది పొడవునా నడవాలంటే ఉద్దానం పిక్కలు ఒక్కటే చాలవన్నది జిల్లాలో అందరికీ తెలిసిన విషయమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడితోటలను నేలకూల్చిన తరువాత ఈ కొరత మరింత పెరిగింది. ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల పిక్కలు ఓడల మీద విశాఖ రేవుకు దిగి, లారీలలో పలాసకు వస్తున్నాయి. వీటి రాకతో తమ సరుకుకు ధర పడిపోతున్నదని ఉద్దానం రైతులు పెడుతున్న మొర వేరు; అందులో న్యాయం లేకపోలేదు. ఇక్కడ ప్రస్తావించవలసినది ఆ పిక్కలను రేవు దాటించే పద్ధతిని గురించి.

రేవులో కస్టమ్స్ వారి వద్ద సరుకు విడిపించే పని లైసెన్సు పొందిన కస్టమ్స్ బ్రోకర్లది. 2013 వరకు చట్టంలో వీరి పేరు కస్టమ్స్ హౌస్ ఏజెంట్లు. వ్యాపారులు మాత్రం నేటికీ క్లియరింగ్ ఏజెంటు అనే అంటారు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 146వ సెక్షను కింద, రాత పరీక్ష, మౌఖిక పరీక్ష నెగ్గినవారికే ఈ లైసెన్సు ఇస్తారు. దానిని అమ్మడానికి గాని, మరొకరికి బదలాయించడానికి గాని వీలులేదు. ఏజెంటును పెట్టుకొని తీరాలన్న నిర్బంధం కూడ లేదు. దిగుమతిదారు తన పత్రాలు తానే దాఖలు చేసుకోవచ్చును. అయితే రోజంతా బట్టీల దగ్గర, పప్పు గ్రేడింగు దగ్గర ఉండవలసిన చిన్న యజమానికి ఆ పని సాధ్యమయ్యేది కాదు. మంచి ఏజెంటుకు ఇచ్చే రుసుము దండుగ ఖర్చు ఎంతమాత్రం కాదు.

చిక్కు వచ్చేది ఏజెంటును పెట్టుకోవడంలో కాదు, సర్వం ఆయనకు వదిలివేయడంలో. కొత్తగా దిగుమతిలోకి దిగే చిన్నవారికి సాధారణంగా వినపడే మాట ఒకటి ఉన్నది: "కోడు ఇవ్వండి, సంతకాలు పెట్టండి, మిగతాదంతా మేం చూసుకుంటాం." ఆ మాట చెప్పేది ఒక్కొక్కప్పుడు లైసెన్సుదారు కూడ కాదు, మధ్యలో తిరిగే మరో మనిషి. దిగుమతి ఎగుమతి కోడు తీసుకోవడానికి 500 రూపాయల రుసుము చాలు. అంత చవకగా వచ్చినది గనుక దానిని అంత చవకగానే ఇతరుల చేతిలో పెడుతున్నారు.

చట్టం ఏమంటున్నదో చూడండి. ఏజెంటు చేసిన పని సరుకు యజమాని ఎరుకతో, సమ్మతితో జరిగినట్లే 147వ సెక్షను భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. ఏజెంటు తప్పో, నిర్లక్ష్యమో లేనిచోట, తక్కువపడిన సుంకం ముందుగా వసూలు చేసేదీ యజమాని నుండే. 2011 నుండి సుంకం లెక్క కట్టుకోవలసిన బాధ్యత కూడ దిగుమతిదారుదే. పొరపాటున తక్కువ కట్టితే రెండేళ్ల లోపు, దాచిపెట్టి కట్టకపోతే అయిదేళ్ల లోపు నోటీసు రావచ్చును. పప్పు అమ్ముడుపోయి, ఆ డబ్బుతో కూతురి పెళ్లి కూడ అయిపోయిన తరువాత వచ్చే నోటీసు ఇది!

మూలదేశం సంగతి మరీ ముఖ్యమైనది. బాగా వెనుకబడిన కొన్ని దేశాల సరుకుకు 2008 నుండి భారతదేశం సుంకం రాయితీలు ఇస్తున్నది. పక్కపక్కనే ఉన్న రెండు దేశాలలో ఒకటి ఆ జాబితాలో ఉండవచ్చు, రెండవది ఉండకపోవచ్చు. రాయితీ కోరినప్పుడు మూలదేశ ధ్రువపత్రం ఒక్కటే చాలదని 2020 సెప్టెంబరు నుండి అమలులోకి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. సరుకు ఆ దేశానిదేనని చూపే వివరాలు దిగుమతిదారు తన వద్ద సిద్ధంగా ఉంచుకొని, అయిదేళ్లు భద్రపరచాలి. విశాఖలోని ఏజెంటు బీరువాలో ఏదో కాగితం ఉండి ఉంటుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఆలస్యానికి అయ్యే ఖర్చూ తక్కువేమీ కాదు. ఓడ వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయాలి. తగిన కారణం లేకుండా జాప్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000 రూపాయలు పడుతుంది. 16 టన్నుల కంటైనరు ఒకటి అనుకుంటే 80 కిలోల బస్తాలు 200. ఎగుమతి చేసిన దేశం నుండి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో, సరైన ఇన్వాయిసో అందక వారం రోజుల జాప్యానికి రుసుము పడిందంటే 55,000 రూపాయలు, బస్తాకు 275. రేవు అద్దె, కంటైనరు నిలిపినందుకు షిప్పింగు కంపెనీ వసూలు చేసేది దీనికి అదనం. 2018 బడ్జెట్టులో పిక్కలపై సుంకం 5 శాతం నుండి 2.5 శాతానికి తగ్గినప్పుడు సంతోషించిన వ్యాపారి, ఆ మిగులును ఒక్క కాగితం కోసం రేవులోనే పోగొట్టుకోవడం ఏమి వ్యాపారం?

ఏజెంటుకు గల విధులు తెలిసి ఉంటే ఆయనను అడగడానికి మొగమాటపడనక్కరలేదు. 2018 నాటి నిబంధనల ప్రకారం ఆయన దిగుమతిదారు నుండి అధికారపత్రం తీసుకోవాలి. కోడు, జి.ఎస్.టి. నంబరు సరైనవో కావో, ఆ చిరునామాలో వ్యాపారం నిజంగా ఉన్నదో లేదో నిర్ధారించుకోవాలి. చట్టప్రకారం నడుచుకోవలసిందిగా సలహా చెప్పాలి. సుంకానికని పుచ్చుకున్న సొమ్ము వెంటనే ప్రభుత్వానికి జమచేసి, లెక్క అప్పగించాలి. లెక్క అడిగితే చిరాకుపడే ఏజెంటు నుండి రెండవ కంటైనరుకు తప్పుకోవడమే మేలు. అసలు సుంకాన్ని దిగుమతిదారే ఐస్‌గేట్ ద్వారా నేరుగా చెల్లించవచ్చు. బిల్ ఆఫ్ ఎంట్రీ ఎంతవరకు వచ్చిందో పలాసలో కూర్చొని సెల్‌ఫోనులో చూసుకోవచ్చు. దాఖలు చేసే ముందు ముసాయిదా తెప్పించుకొని బరువు, ధర, దేశం, జి.ఎస్.టి. నంబరు సరిచూడడానికి అరగంట పడుతుంది. నంబరు తప్పుపడితే రేవులో కట్టిన ఐ.జి.ఎస్.టి. జమ తన ఖాతాకు రాదు.

ఇంత శ్రద్ధ పెట్టలేనివారు విశాఖలోనో, పలాసలోనో పెద్ద దిగుమతిదారు వద్ద బిల్లు మీద బస్తాల లెక్కన కొనుక్కోవచ్చు. నాలుగు డబ్బులు ఎక్కువైనా అది నిక్షేపమైన బేరం. సరుకు ఒకరిది, కోడు మరొకరిది, సంతకం ఇంకొకరిదిగా సాగే బేరమే ఏనాటికైనా ముంచేది. బస్తాకు ఇంత చొప్పున కమీషను వస్తుందని కోడును అరువిచ్చినవారు ఆ సరుకు మొత్తానికి జవాబుదారులవుతారు.

పశ్చిమ ఆఫ్రికా పంట ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది. దానికి ముందే విశాఖ కస్టమ్స్ అధికారులు ఒక రోజు పలాసకు వచ్చి, లైసెన్సు ఉన్న బ్రోకర్ల జాబితాను, బిల్ ఆఫ్ ఎంట్రీ నమూనాను తెలుగు వివరణతో చిన్న వ్యాపారులకు అందజేయాలి. జీడి వ్యాపారుల సంఘాలు ఈ మేరకు ఒక విజ్ఞాపన పంపి, సభకు హాలు చూసిపెడితే సరిపోతుంది.