కేకు కోశారు సరే, తిన్నదెవరు?

అమలాపురం గడియార స్తంభం సెంటర్లో తలెత్తితే చాలు, ఏడాది పొడుగునా నడిచే ఫోటో ఎగ్జిబిషన్ కనిపిస్తుంది. టిక్కెట్టు లేదు, ఆఖరి తేదీ లేదు. ఒక ఫ్లెక్సీలో అన్నగారి పుట్టినరోజు, పక్క ఫ్లెక్సీలో తమ్ముడిగారిది. మధ్యన కేకు, చేతిలో చాకు, చుట్టూ పాతిక తలకాయలు. అన్ని మొహాలూ కెమెరా వైపే. నోట్లో ముక్క ఉన్న మనిషి ఒక్కడూ లేడు.

ఇదా అండీ కేకు తిన్న సంతోషం?

మనం కేకు తినడం ఎప్పుడో మానేశాం. కోస్తున్నాం, పూస్తున్నాం, ఫోటో దిగుతున్నాం. అర్ధరాత్రి కాలవగట్టున బైకు సీటు మీద కేకు పెడతారు. కొవ్వొత్తి వెలుగుతుండగానే స్నో స్ప్రే కొడతారు. మంటకు దూరంగా ఉంచమని డబ్బా మీదే రాసి ఉంటుంది, చదివే నాథుడేడీ? ముక్క కుర్రాడి నోటిదాకా వెళుతుంది. "ఆగరా, ఫోటో సరిగ్గా రాలేదు!" మళ్ళీ నోరు తెరుస్తాడు. మూడోసారికి అది నోట్లోకి కాదు, చెంపకెక్కుతుంది. చెవి నిండా క్రీము. మిగిలింది తెల్లారేసరికి కుక్కలపాలు. స్టేటస్‌లో మాత్రం అందరివీ ఇకిలింపులే.

కేకు పరాయిదని కాదు నా గొడవ. మైదా అయినా బియ్యప్పిండి అయినా తీపి తీపే. తినాల్సినదాన్ని ఫోటో సామానుగా మార్చారనే నా మంట.

తీపి తిన్న మొహం చూడాలంటే ఆత్రేయపురం రండి. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన పూతరేకు అక్కడిదే. బోర్లించిన కుండ లోపల ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి పిండినీళ్ళలో ముంచిన గుడ్డని రేకు తీసే ఆవిడ కుండ మీద ఒక్క ఊపున పరిచి లాగేస్తుంది. క్షణాల్లో కాగితం కన్నా పల్చగా రేకు లేస్తుంది. నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడిచాక ఒకటి కొరకండి. పొడి మీసాల మీద రాలుతుంది, రేకు నాలిక మీద కరుగుతుంది, కళ్ళు వాటంతటవే మూతపడతాయి. ఆ క్షణాన ఎవడూ కెమెరా వైపు చూడడు. చూశాడంటే తింటున్నట్టు కాదు, నటిస్తున్నట్టు.

ఫోటోగ్రాఫర్లకీ ఒక మాట. 1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగ్యురే అనే ఆయన తీర్చిదిద్దిన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. ఆ రోజు గుర్తుగానే ఏటా ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. ఆ తొలిరోజుల్లో కెమెరా ముందు చాలాసేపు బొమ్మలా కూర్చోవాల్సి వచ్చేది. అంతసేపు నవ్వు నిలిచేది కాదు. ఇప్పుడు రెప్పపాటులో ఫోటో పడుతోంది. అయినా మనుషుల్ని బొమ్మల్లా నిలబెట్టే తీస్తున్నారేం?

వచ్చే ఆగస్టు 19కి కోనసీమలో ఎగ్జిబిషన్ పెడితే చాకు పట్టుకున్న చేతులు వద్దు. ప్లేటు నాకుతున్న పిల్లని చూపండి, పొయ్యి సెగకి కళ్ళు చికిలించి రేకు తీస్తున్న ఆవిడని చూపండి. ముందు ఆవిడ అనుమతి అడగండి.

మిగతా మనందరికీ పని ఇంకా సులువు. ఈసారి కేకు కోయగానే ఫోన్లు జేబులో పెట్టండి. ముక్క మొహానికి కాదు, నోటికి పెట్టండి.